చుక్కలు నిలబడటానికి పట్టిన 70 రోజులు

ఇది మొదలైంది అక్టోబర్ 12 సాయంత్రం. రికార్డు రెండో వైపు చివరి పాట నడుస్తోంది. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే "ఒరేయ్, పాట కిందికి జారుతోందిరా" అన్నారు. నాకేమీ తెలియలేదు. "అలాంటిదేం లేదు నాన్నా, మీకు అలా అనిపిస్తోంది" అన్నాను. ఆయన మాట్లాడలేదు గానీ, ఆ ముఖం చూస్తే నాకే అనుమానం వచ్చింది. లేచి వెళ్లి టర్న్‌టేబుల్ ప్లాటర్ (రికార్డు కూర్చుని తిరిగే పళ్లెం) అంచున ఉన్న చుక్కలు చూశాను. అవి నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా వెనక్కి నడుస్తున్నాయి.

మా టర్న్‌టేబుల్ 1979లో తయారైన జపాన్ డైరెక్ట్ డ్రైవ్ మోడల్, అంటే బెల్టు లేకుండా మోటారే ప్లాటర్‌ని నేరుగా తిప్పేది, స్పీడ్‌ని తనంతట తానే స్ఫటికంతో కట్టేసి ఉంచే క్వార్ట్జ్ లాక్ లేని రకం. ముందు వైపు 33కి (నిమిషానికి 33⅓ చుట్లు) ఒకటి, 45కి ఒకటి పిచ్ నాబ్‌లు, అంటే స్పీడ్ కాస్త పెంచి తగ్గించేవి, ఉంటాయి. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి వెలిగి ఆరే చిన్న నియాన్ దీపం చుక్కల మీద పడుతుంది, స్పీడ్ సరిగ్గా ఉంటే చుక్కలు ఆగినట్టు కనిపిస్తాయి. ప్లాటర్ తిరిగే దిశలో నడిస్తే స్పీడ్ ఎక్కువ, వెనక్కి నడిస్తే తక్కువ. చుక్కలు నాలుగు వరుసలు ఉంటాయి, 33కి 50 హెర్ట్జ్‌ది, 60 హెర్ట్జ్‌ది, 45కి మళ్లీ రెండూ. మొదటి పది నిమిషాలు నేను చూసింది తప్పు వరుస. అది ఎలాగూ పరిగెడుతూనే ఉంటుంది. ఆ పది నిమిషాల టెన్షన్ గురించి ఎక్కువ చెప్పను.

దీపాన్ని కూడా నమ్మలేక, రికార్డు లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అంటించాను. నాన్న చేతి గడియారం చూస్తుంటే నేను లెక్కపెట్టాను. 33⅓ స్పీడ్‌లో 100 చుట్లకి సరిగ్గా 180 సెకన్లు పట్టాలి. మాకు 184 వచ్చింది. అంటే దాదాపు 2.2 శాతం తక్కువ, అర స్వరంలో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువే శ్రుతి దిగిందన్నమాట. నాన్న ఏమీ అనలేదు, గడియారం మళ్లీ చేతికి పెట్టుకున్నారంతే. అనేసినా బాగుండేది.

అక్టోబర్ 14న మొదటి తప్పు చేశాను. పిచ్ నాబ్ కొంచెం కదిపితే స్పీడ్ ఎగిరెగిరి పడుతోంది, లోపల దుమ్ము పట్టిందని తెలుస్తూనే ఉంది. ఇంట్లో తలుపు బందులు కిర్రుమంటే కొట్టే స్ప్రే ఉంది కదా, దాని సన్నటి గొట్టం నాబ్ సందులో పెట్టి రెండు సార్లు కొట్టాను. అద్భుతంగా పనిచేసింది, మూడు రోజులు. 17వ తేదీకి మొదటికన్నా అధ్వాన్నం, నాబ్ జిగురుగా తిరుగుతోంది, చుక్కలు ఒక చోట నిలవడం లేదు. ఆ స్ప్రేలో ఉండేది నూనె, ద్రావకం ఆరిపోయాక నూనె మిగిలి ఉన్న దుమ్మునంతా ముద్ద చేస్తుంది. వాడాల్సింది ఎలక్ట్రానిక్స్ కోసమే అమ్మే, ఆరాక ఏమీ మిగల్చని కాంటాక్ట్ క్లీనర్. ఈ ముక్క నాకు వారం ముందు తెలిసి ఉంటే సగం పూట పని తప్పేది.

19న కొత్త లక్షణం. పెట్టిన ఇరవై నిమిషాలకి పాట ఉన్నట్టుండి పరిగెత్తింది. పాడుతున్నావిడ గొంతు ఒక్క క్షణం చిన్నపిల్ల గొంతయిపోయి, మళ్లీ సర్దుకుంది. ఇప్పటిదాకా జారుతోంది, ఇప్పుడు పరిగెడుతోంది. రెండూ ఎదురెదురు లక్షణాలు. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. నేను మాత్రం "మోటారే పోతోంది" అని ఒక్క మాటలో తేల్చేసుకున్నాను. భయం వేస్తే బుర్ర పనిచేయదు, నా సంగతైతే అంతే.

21న రిపేర్‌కి ఇచ్చాను. అక్కడ 19 రోజులు ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా "చూస్తున్నాం సార్, బానే తిరుగుతోంది" అనేవారు. వాళ్లు ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తున్నారని తర్వాత అర్థమైంది. మా దానికి జబ్బు బయటపడాలంటే ఇరవై నిమిషాలు వేడెక్కాలి, ఆ విషయం ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసి అంటించాల్సింది నేనే. నవంబర్ 9న వెళ్తే "స్పీడ్ కంట్రోల్ ఐసీ, అదే స్పీడ్ చూసుకునే చిప్పు, పోయినట్టుంది సార్, ఇప్పుడు దొరకదు, కొత్త మోడల్ ఏదైనా చూసుకోండి" అన్నారు. చూసినందుకు తీసుకున్నది ఒక రికార్డు ఖరీదు. ఇంటికొచ్చి చూస్తే అడుగున ఒక స్క్రూ తక్కువ.

ఆ రాత్రి అసలు నిద్ర పట్టలేదు. మర్నాడే, అంటే 10న, పాత ఐసీలు అమ్మేవాళ్ల దగ్గర విదేశం నుంచి ఆర్డర్ పెట్టేశాను. మూడు నుంచి నాలుగు వారాలు అన్నారు. అన్ని రోజులు ఊరికే కూర్చోలేను కదా, ఈలోగా సర్వీస్ మాన్యువల్ స్కాన్ కాపీ సంపాదించాను. సర్క్యూట్ బొమ్మలో సగం అంకెలు చెరిగిపోయి ఉన్నాయి గానీ, ఏ పాయింట్ దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో చెప్పే పట్టిక మాత్రం చక్కగా చదవడానికి వచ్చింది. నాకు కావలసింది కూడా అదే.

నవంబర్ 16న విప్పాను. ముందు ప్లగ్ పీకాను, కార్ట్రిడ్జ్‌తో (ముల్లు ఉండే భాగం) సహా దాన్ని పట్టి ఉంచే హెడ్‌షెల్ తీసి దూరంగా పెట్టాను, ముల్లుని మోసే టోన్ ఆర్మ్ వెనక బరువు తీసేసి ఆర్మ్‌ని దాని స్టాండ్‌కి కట్టాను, తర్వాత ప్లాటర్ ఎత్తాను. అడుగు మూత తీస్తుంటే ఒక స్క్రూ చేతిలోంచి జారింది. నేల మీద పడిన శబ్దం రాలేదు. టార్చి వేసుకుని మంచం కింద, బీరువా కింద, అరగంట వెతికాను. చివరికి దొరికింది ప్లాటర్ అడుగున, అయస్కాంతం రింగుకి నిటారుగా అతుక్కుని. ఈ మోడల్‌లో మోటారు తిరిగే భాగం ప్లాటరే, దాని అడుగునే పెద్ద అయస్కాంతం ఉంటుంది. అదే రింగుకి, ఇంకో పక్క, రిపేర్ నుంచి వచ్చాక లేకుండా పోయిన స్క్రూ కూడా దొరికింది. వాళ్లని మనసులో అనుకున్న మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను.

అయస్కాంతం ప్లాటర్‌లో ఉండటం వల్ల వచ్చే అసలు తలనొప్పి వేరే ఉంది. ప్లాటర్ తీస్తే మోటారు తిరగదు. ప్లాటర్ పైన పెట్టి తిప్పితే, కొలవాల్సిన బోర్డు అడుగున ఉంటుంది. చివరికి రెండు వైపులా లావుపాటి పుస్తకాలు దొంతర పెట్టి టర్న్‌టేబుల్‌ని వంతెనలా నిలబెట్టి, కింద షేవింగ్ అద్దం పెట్టి, అద్దంలో చూస్తూ కొలిచాను. అద్దంలో అంతా తారుమారు. మల్టీమీటర్ (వోల్టులూ రెసిస్టెన్సూ కొలిచే మీటర్) కడ్డీ ఒక వైపుకి అనుకుంటే ఇంకో వైపుకి పోతుంది. ఇది సరదా పని కాదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, స్విచ్ దగ్గర నేరుగా మెయిన్ కరెంటు ఉంటుంది. ఆ రెండు చోట్లా ముందే టేపు, దాని మీద అట్టముక్క వేసి కట్టేశాను. ఒక చేయి ఎప్పుడూ జేబులోనే.

సప్లై 15 వోల్టులు ఉండాలని మాన్యువల్, నాకు 14.9 వచ్చింది. ఐసీ కాళ్ల దగ్గర కొలిచిన ఆరు వోల్టేజీల్లో ఆరూ పట్టికతో దాదాపు సరిపోయాయి. పోయిందన్న ఐసీ చక్కగా ఉంది! సంతోషపడాలో, ఆర్డర్ పెట్టిన డబ్బుకి ఏడవాలో తెలియలేదు.

తర్వాత కరెంటు తీసేసి 33 పిచ్ నాబ్ వెనక మల్టీమీటర్ పెట్టి, రెసిస్టెన్స్ చూస్తూ చాలా నెమ్మదిగా తిప్పాను. అటు చివర నుంచి ఇటు చివరకి అంకె సాఫీగా పెరగాలి. పెరుగుతూ పెరుగుతూ సరిగ్గా మధ్యకి రాగానే అంకె ఎగిరిపోయి, మళ్లీ కిందికొచ్చి, మళ్లీ ఎగిరింది. నలభై ఏళ్లకి పైగా నాబ్ కూర్చున్నది ఆ మధ్యలోనే కదా, అరిగినా మురికి పట్టినా అక్కడే. 45 నాబ్ మాత్రం సాఫీగా ఉంది, దాన్ని మేం ముట్టుకున్నదే తక్కువ. అప్పుడు గుర్తొచ్చింది, పాట జారింది ఎప్పుడూ 33లోనే. పరిగెత్తింది మాత్రం 45లో కూడా. ఒక్క స్పీడ్‌లోనే తేడా ఉంటే ఆ స్పీడ్‌కి మాత్రమే సంబంధించిన నాబ్, ప్రీసెట్ (లోపల స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్), స్విచ్ చూడాలి. రెంటిలోనూ ఉంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి. నెలరోజులుగా నేను ఒక్క జబ్బు కోసం వెతుకుతున్నాను, ఉన్నవి రెండు.

కాంటాక్ట్ క్లీనర్‌తో ఆ నాబ్ కడగడానికి ఒక పూట పట్టింది, నేను కొట్టిన నూనె వదలడానికే సగం టైమ్. కొట్టడం, యాభై సార్లు అటూ ఇటూ తిప్పడం, పాత గుడ్డతో తుడవడం, మళ్లీ కొట్టడం. నాలుగో విడతలో గానీ గుడ్డ మీద నల్లటి మరక రావడం ఆగలేదు. రాత్రంతా ఆరనిచ్చి లోపలి ప్రీసెట్లు రెండూ కూడా అలాగే కడిగాను. ప్రీసెట్ ముట్టుకునే ముందు అది ఏ కోణంలో ఉందో సన్న పెన్నుతో గీత పెట్టుకోండి, ఫోటో ఒక్కటే చాలదు. 17న జారడం పూర్తిగా ఆగిపోయింది. ఇరవై నిమిషాలకి పరిగెత్తడం మాత్రం అలాగే ఉంది.

మధ్యలో కెపాసిటర్ల సంగతి. పాత సెట్ అనగానే అందరూ చెప్పేది "ముందు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ మార్చెయ్". మార్చాను, 23న, ఏడు. అదే విలువ, అదే వోల్టేజ్ లేదా అంతకన్నా ఎక్కువది, 105 డిగ్రీల రకం. మైనస్ వైపు గీత ఉంటుంది, అది తిరగబడకుండా ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే పెట్టాను. సర్క్యూట్‌లో టైమింగ్ చూసుకునే ఫిల్మ్ కెపాసిటర్లను ముట్టుకోలేదు, అవి మామూలుగా పాడవవు, మారిస్తే స్పీడ్ మొత్తం పక్కకి పోవచ్చు. తీసినవి కొలిస్తే ఐదు బాగానే ఉన్నాయి, రెండు నీరసపడ్డాయి, 100 మైక్రోఫారడ్‌లు ఉండాల్సినది 61 చూపించింది. సప్లైలో ఏసీ అలజడి 38 మిల్లీవోల్టుల నుంచి 5కి దిగింది. చెవికి గానీ చుక్కలకి గానీ వచ్చిన తేడా? సున్నా. మార్చడం తప్పని అనను, కానీ మా దాని జబ్బుకీ వాటికీ సంబంధం లేదు.

పరిగెత్తే జబ్బుని పట్టుకోవడం దీనంతటిలో నాకు ఇష్టమైన భాగం. ప్రతిసారీ ఇరవై నిమిషాలు ఆగలేక, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి బోర్డు మీదికి దూరం నుంచి ఊదాను. మూడు నిమిషాలకే చుక్కలు ముందుకి దూకాయి. అప్పుడు చెక్క పెన్సిల్ వెనక భాగంతో బోర్డుని ఒక్కో చోట మెల్లగా తట్టడం మొదలుపెట్టాను. నాన్న పైనుంచి చుక్కలు చూస్తున్నారు, నేను కింద అద్దంలో. టక్, "లేదు." టక్, "లేదు." టక్, "ఆఁ, ఉరికింది." మోటారు కాయిల్ బోర్డు నుంచి కంట్రోల్ బోర్డుకి వచ్చే కనెక్టర్ దగ్గర తడితే చాలు, ప్రతిసారీ ఉరుకుతోంది.

కరెంటు తీసి భూతద్దం పెట్టి చూశాను. ఐదు పిన్నులు. నాలుగింటి చుట్టూ టంకం నున్నగా, మెరుస్తూ ఉంది. మూడో పిన్ను చుట్టూ మాత్రం వెంట్రుక మందాన, గుండ్రంగా, నల్లటి గీత, పిన్ను దాని గుంటలో విడిగా నిలబడి ఉన్నట్టు. రిపేర్ వాళ్లు డ్రై సోల్డర్ అనేది దీన్నే. మాన్యువల్లో చూస్తే ఆ పిన్ను మీద వచ్చేది స్పీడ్ సిగ్నల్, ప్లాటర్ ఎంత వేగంగా తిరుగుతోందో కంట్రోల్ బోర్డుకి చెప్పే పల్సులు. వేడికి బోర్డు కాస్త సాగి ఆ పిన్ను విడిపోతే పల్సులు ఆగిపోతాయి. ప్లాటర్ నెమ్మదించిందనుకుని సర్క్యూట్ పూర్తి బలంతో తోస్తుంది, పిన్ను మళ్లీ తగలగానే తప్పు తెలుసుకుని తగ్గిస్తుంది. పాపం, అది తన పని సరిగ్గానే చేస్తోంది, దానికి వార్తే అందట్లేదు.

30న సోల్డర్ చేశాను. పాత టంకం పీల్చేసి, టంకం బాగా పట్టడానికి ఫ్లక్స్ రాసి, కొత్తది పెట్టాను. చేతి వణుకు వల్ల కొంచెం ఎక్కువే పడింది. స్టార్ట్ నొక్కాను. ప్లాటర్ 33 దాటింది, 45 దాటింది, ఆగట్లేదు. కిలోన్నర పైన ఉన్న లోహం అలా గిర్రున తిరుగుతూ వేగం పెంచుకుంటూ ఉంటే వచ్చే గాలి ముఖానికి తగిలింది. వంతెనలా పెట్టిన పుస్తకాలు కదులుతున్నాయి. నాన్న ప్లగ్ పీకేశారు. ప్లాటర్ ఆగడానికి పట్టిన ఆ కాసేపూ ఇద్దరం మాట్లాడలేదు. "చాల్లేరా, పడుకో" అన్నారు తర్వాత.

నేను పడుకోలేదు. భూతద్దంలో చూస్తే మూడో పిన్నుకీ పక్కనున్న గ్రౌండ్ పిన్నుకీ మధ్య సన్నటి టంకం వారధి. సిగ్నల్ మొత్తం గ్రౌండ్‌లోకి పోతోంది, అంటే పిన్ను విడిపోయినప్పటి జబ్బే, ఈసారి శాశ్వతంగా. రాగి తీగల అల్లిక పెట్టి ఎక్కువైన టంకం లాగేసి, మీటర్‌తో పక్కపక్క పిన్నులన్నీ విడివిడిగా ఉన్నాయని చూసుకుని, ప్లాటర్ మీద చేయి ఆనించి మరీ స్టార్ట్ చేశాను. చేయి తీశాను. 33 దగ్గర ఆగింది. డ్రయ్యర్ పెట్టినా, పెన్సిల్‌తో తట్టినా కదల్లేదు. మిగతా నాలుగు పిన్నులకీ కూడా టంకం కొత్తగా వేసేసి, బేరింగ్‌లో రెండు చుక్కల పల్చటి మెషీన్ ఆయిల్ వేసి మూత బిగించాను.

డిసెంబర్ 4న ఐసీ వచ్చింది, 24 రోజులకి, చక్కగా నురగ డబ్బాలో.

సెట్టింగ్ మిగిలింది. అరగంట తిరిగాక, నాబ్‌లు మధ్యలో పెట్టి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ముందు 33 ప్రీసెట్, తర్వాత 45 తిప్పాను. చల్లగా ఉన్నప్పుడు సెట్ చేస్తే వేడెక్కాక మళ్లీ తేడా వస్తుంది. 50 హెర్ట్జ్‌లో దీపం సెకనుకి 100 సార్లు వెలుగుతుంది, చుక్కలు సెకనుకి ఒక చుక్క చొప్పున నడిస్తే తేడా ఒక శాతం, ఈ లెక్క గుర్తుంటే కంటితోనే చెప్పేయొచ్చు. 33లో 100 చుట్లు 180 సెకన్లకి వచ్చాయి. 45లో చుక్కలు రాయిలా నిలబడినా ఫోన్ యాప్ మాత్రం 45.1 అంటోంది. ఒక రాత్రంతా దీనికే పోయింది. తర్వాత లెక్క వేస్తే, 50 హెర్ట్జ్‌కి 45 వరుసలో కావలసినవి 133.33 చుక్కలు. మూడో వంతు చుక్క ఎలా వేస్తారు? 133 వేశారు. అవి ఆగినట్టు కనిపిస్తే అసలు స్పీడ్ 45.11 అన్నమాట. అంత తేడా నాన్న చెవికి కూడా అందదు, అడిగి మరీ నిర్ధారించుకున్నాను.

చివరి భయం 14న. 3150 హెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ రికార్డు పెడితే సగటు 3149 వచ్చింది గానీ, అంకె తొమ్మిది హెర్ట్జ్ పైకీ తొమ్మిది కిందికీ ఊగుతోంది, సరిగ్గా 1.8 సెకన్లకి ఒకసారి. అంటే చుట్టుకి ఒకసారి. మళ్లీ మోటారేనా అని చెమట పట్టింది. ప్లాటర్ మీద ఒక గుర్తు, లేబుల్ మీద ఒక గుర్తు పెట్టి, రికార్డుని సగం చుట్టు తిప్పి మళ్లీ పెట్టాను. ఊగుడు రికార్డుతో పాటే జరిగింది. ప్లాటర్ తప్పు కాదు, రికార్డు రంధ్రమే మధ్యలో లేదు. హెడ్‌షెల్‌ని పైనుంచి చూస్తే చుట్టుకోసారి పక్కకి వెళ్లి రావడం తెలుస్తుంది. పది సెంటీమీటర్ల వ్యాసార్థం దగ్గర 0.3 మిల్లీమీటర్లు పక్కకి ఉంటే చాలు, దాదాపు ఆ తొమ్మిది హెర్ట్జ్‌లే. టెస్ట్ రికార్డుకే ఈ గతి!

ఖర్చు చెప్పాలంటే, జబ్బు కుదిర్చినవి కాంటాక్ట్ క్లీనర్, చిటికెడు టంకం. రెండూ కలిపి సగం రికార్డు ఖరీదు లేదు. కుదర్చనివి, అంటే ఐసీ, దాని పోస్టేజీ, రిపేర్ వాళ్లకిచ్చింది, కెపాసిటర్లు, అన్నీ కలిపితే ఐదు రికార్డులొచ్చేవి. సోల్డరింగ్ ఐరన్ ఎలాగూ ఇంట్లో ఉండాల్సిందే అని ఇంట్లో చెప్పాను, నమ్మారో లేదో తెలియదు. ఐసీ సొరుగులో ఉంది.

డిసెంబర్ 21న, సరిగ్గా 70 రోజులకి, మొదట జారిన ఆ రికార్డే మళ్లీ పెట్టాను. మొదటి వైపు, తిప్పి రెండో వైపు. నేను చుక్కల పక్కనే కూర్చున్నాను. నాన్న పేపర్ చదువుతున్నారు. చివరి పాట అయిపోయింది, ముల్లు లోపలి గాడిలో కిర్రుమంటోంది, ఆయన ఇంకా పేపర్లోనే ఉన్నారు. ఉండబట్టలేక "ఎలా ఉంది నాన్నా?" అన్నాను.

"ఏది?" అన్నారు.